గాలి రుక్కమ్మ

ఉప్పునుంతలలో ఆ రోజుల్లో రుక్కమ్మలు చాలామందే ఉండేవారు. పేరు ఒక్కటే అయితే ఊరు ఊరుకుంటుందా, ముందొక మాట తగిలిస్తుంది. పొట్టి రుక్కమ్మ, చింతకింది రుక్కమ్మ, బర్ల రుక్కమ్మ. సాలెవాడలో మగ్గం నేసే బాలయ్య భార్యకు మాత్రం గాలి రుక్కమ్మ అని పడింది. పెట్టినవాళ్లు మంచి మనసుతో పెట్టిన పేరు కాదది. గాలి సోకింది అంటే దయ్యం పట్టిందని అర్థం. గాలిమాట అంటే తలా తోకా లేని మాటని అర్థం. ఆ రెండింటినీ కలిపి ఒక్క మనిషి నెత్తిన పెట్టారు. ఆ పేరుతో ఆమె ఏం చేసిందో చెబుతాను.

రుక్కమ్మ పలక ముఖం చూసిన మనిషి కాదు. కానీ ఆ చేతులకు ఊరికే ఉండడం చేతకాదు. ఏ వస్తువు కనపడ్డా దాని కడుపులో ఏముందో చూస్తే తప్ప ఆమెకు తోచదు. కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారి రాట్నం కిర్రుకిర్రుమంటోందని దాన్ని ముక్కలుగా విప్పి వాకిట్లో పరిచింది. అత్త హన్మమ్మ సంత నుంచి వచ్చేసరికి రాట్నం లేదు, పుల్లల కుప్ప ఉంది. ఆ రోజు హన్మమ్మ వేసిన కేక వాడ చివరిదాకా వినపడింది. దీపాలు పెట్టేలోపు రుక్కమ్మ దాన్ని మళ్లీ బిగించింది. తిప్పితే చప్పుడే లేదు. హన్మమ్మ తిప్పి చూసింది, ఇంకోసారి తిప్పి చూసింది.

"సప్పుడు లేకుంటే రాట్నం తిరుగుతుందో లేదో ఎట్ల తెలుస్తది?" అంది.

మెచ్చుకోవడం ఆమెకు వచ్చిన విద్య కాదు. అలాగని చెడ్డ మనిషీ కాదు. ఈ మాట ముందే చెప్పి పెడుతున్నాను, ఎందుకంటే మున్ముందు ఆమె చేసే పనులు చూసి మీరు ఆమెను తిట్టుకుంటారు. మొగుడు పోయాక ఆ ఒక్క మగ్గం మీద కొడుకును పెంచి పెద్దచేసిన మనిషి ఆమె. చేతిలో ఉన్నది ఎప్పుడు జారిపోతుందోనన్న భయం ఆమె ఒంట్లో ఉండిపోయింది. ఆ భయమే నోటి వెంట కేకలుగా వచ్చేది.

రుక్కమ్మకు ఒక తమ్ముడు, కురుమూర్తి. వాడు మగ్గం గుంటలో కాలు పెట్టనని మొండికేసి హైదరాబాదు వెళ్లిపోయాడు. అక్కడ ఒక రేడియోలు బాగుచేసే దుకాణంలో పనికి కుదిరాడు. రెండో ప్రపంచ యుద్ధం మొదలైన మరుసటి సంవత్సరం, ఉగాది దాటాక, అక్కను చూడడానికి ఊరికి వచ్చాడు. అన్నం తింటూ కబుర్లు మొదలుపెట్టాడు.

"పట్నంల ఒక ఇంట్ల కూసొని ఒకాయన మాట్లాడుతడక్కా. తీగ లేదు, తాడు లేదు. ఆ మాట గాలిల్నే ఊరూరికి పోతది."

"అయితే మా ఊరికెందుకు రాలే?" అంది రుక్కమ్మ, చారు వడ్డిస్తూ.

"రాకేంది, వస్తనే ఉంది. పట్టుకునేటోళ్లు లేరు."

వాడు మాట వరసకు అన్నాడు. రుక్కమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. తన ఇంటి మీదుగా, తన మగ్గం మీదుగా, తన పొయ్యి మీదుగా ఎవరివో మాటలు పోతున్నాయి. తనకు తెలియకుండా పోతున్నాయి. ఆమెకు అది అన్యాయంగా తోచింది. "పట్టుకునేదేందో జెప్పు, నేను పట్టుకుంట" అని తమ్ముడి వెంటపడింది.

పెద్ద రేడియోలకు కరెంటో బ్యాటరీయో కావాలి. ఉప్పునుంతలలో అప్పటికి కరెంటు అన్నమాటే లేదు. కానీ రేడియో పుట్టిన తొలినాళ్లలో జనం వాడిన రకం ఇంకొకటుంది. దానికి కరెంటూ వద్దు, బ్యాటరీ వద్దు, నూనె దీపమంత ఖర్చు కూడా లేదు. మెరిసే సీసపురాయి ముక్క ఒకటి, దాని మీద ఆనించే సన్నని తీగ ముల్లు ఒకటి, రాగి తీగ చుట్ట ఒకటి, చెవికి పెట్టుకునే ఫోను ఒకటి ఉంటే చాలు. గాలిలో వచ్చే మాటలోని బలంతోనే ఫోను పలుకుతుంది. కొత్త రేడియోలు వచ్చాక పట్నంవాళ్లు వీటిని తుక్కులో పడేశారు. మళ్లీ వచ్చినప్పుడు కురుమూర్తి ఆ తుక్కులోంచి కావలసినవి యజమానిని అడిగి మూటగట్టుకొచ్చాడు. లోకానికి పాతబడిపోయిన ఆ వస్తువు ఉప్పునుంతలకు ఇంకా పుట్టనే లేదు.

"దీన్ని రాయి రేడియో అంటం మా దుకాణంల," అన్నాడు. "ఒక తీగ ఎంత పొడుగుంటే అంత పొడుగు, ఎంత ఎత్తుంటే అంత ఎత్తు కట్టాలె. ఇంకో తీగ తడి మట్టిల పాతిపెట్టాలె. నడుమ చుట్ట, రాయి. మన ఊరు పట్నానికి దూరం గద, పొద్దుగూకినంక జర జర ఇనొస్తది. ఇనొస్తే ఇనొచ్చినట్టు, లేకుంటే లేదు. నా మీద పడొద్దు."

ఏది ఎక్కడ కలపాలో చూపించాడు. మర్నాడు పొద్దున్నే పనికి ఆలస్యమవుతుందని వెళ్లిపోయాడు. మళ్లీ దసరాకు తప్ప రాడు.

రుక్కమ్మ కల్లుగీసే ఆయనను బతిమాలి తీగ ఒక కొసను తాటిచెట్టు మీద కట్టించింది, రెండో కొసను ఇంటి కొప్పుకు కట్టింది. కట్టిన మర్నాడే పక్కింటామె వచ్చి దాని మీద చీర ఆరేసింది. ఆమెను పంపించి వచ్చేసరికి హన్మమ్మ బొంత ఆరేసింది. రెండో తీగను ఇంటి వెనక జాలారులో, అంటే గిన్నెలు కడిగిన నీళ్లు పారే చోట, ఎప్పుడూ ఆరని మట్టిలో పాతింది. ఇక మిగిలింది చుట్ట.

చుట్ట చుట్టడం ఆమెకు ఎవరూ నేర్పక్కర్లేదు. పుట్టినప్పటి నుంచి నూలు కండెలు చుట్టిన చేతులవి. నున్నటి వెదురు బొంగును రాట్నానికి తగిలించి, ఒక చేత్తో తిప్పుతూ రెండో చేత్తో తీగ వదిలింది. చుట్టు పక్కన చుట్టు, సందు లేకుండా, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా కూర్చుంది. మధ్యమధ్య తీగను చిన్న మెలిక తిప్పి బయటికి వదిలింది, ఏ మెలిక దగ్గర కలిపితే మాట బాగా పలుకుతుందో చూసుకోవడానికి. కురుమూర్తి తెచ్చిన ఆ రాగి తీగ మీద సన్నటి నూలు చుట్టి ఉంది. తీగకు కూడా బట్ట కట్టారే అని ఆమె ముచ్చటపడింది. అయితే అది పాత తీగ, అక్కడక్కడ నూలు రేగి పీచులు లేచింది. రేగిన నూలు కనపడితే సాలె ఇంటి ఆడది ఏం చేస్తుంది? గంజి పెడుతుంది. జొన్నపిండితో పలచని గంజి కాచి, మగ్గం మీది పడుగు పోగులకు పెట్టే కుంచెతోనే చుట్టంతా నున్నగా దువ్వింది. ఎండలో పెడితే కొబ్బరి చిప్పలా గట్టిపడి నిగనిగలాడింది. దాన్ని చూసి ఆమె ఎంత మురిసిపోయిందో చెప్పలేను. ఈ గంజి మాట జర గుర్తుపెట్టుకోండి.

ఆ సాయంత్రం బాలయ్య ఇంట్లో లేడు, నూలు కోసం పొరుగూరు వెళ్లాడు. మగ్గం మూగగా ఉంది. రుక్కమ్మ ఫోను చెవికి అదుముకొని ముల్లును రాయి మీద ఇక్కడ అక్కడ ఆనించింది. ఏమీ లేదు. ఇంకో చోట ఆనించింది. ఏమీ లేదు. ఇంకో చోట పెట్టగానే దూరంగా, చాలా దూరంగా, ఒక మగమనిషి గొంతు. ఉర్దూలో ఏదో చెబుతున్నాడు. "హైదరాబాద్" అన్న ఒక్క మాట తెలిసింది. తర్వాత ఏదో వాద్యం మోగింది. రుక్కమ్మ ఊపిరి కూడా తీయలేదు, ఊపిరి చప్పుడుకు అది పారిపోతుందేమోనని. కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి, తుడుచుకుంటే చెయ్యి కదులుతుందని తుడుచుకోలేదు. ఆ మనిషికి ఉప్పునుంతల అనే ఊరు ఒకటుందని కూడా తెలిసి ఉండదు. అయినా వచ్చి తన చెవిలో మాట్లాడుతున్నాడు.

ఆ సంతోషాన్ని ఆమె దాచుకోలేకపోయింది. తెల్లారేసరికి వాడంతా చెప్పేసింది.

"ఏం జెప్పిండు మరి?" అని అడిగారు.

"తెల్వదు. ఉర్దూల జెప్పిండు."

"ఇన్నదంట, ఏం ఇన్నదో తెల్వదంట!" అని నవ్వారు. అయినా వింత కదా, సాయంత్రం అందరూ వస్తామన్నారు. ఆ మధ్యాహ్నమే మొదటి వాన పడింది. ఆ ఏడు మృగశిర కార్తె ఒకరోజు కూడా ఆలస్యం చేయలేదు. సాయంత్రం వాడంతా వాకిట్లోకి వచ్చి ఒక్కొక్కరే ఫోను చెవికి పెట్టుకున్నారు. బుస్సుమనే చప్పుడు కూడా లేదు. రుక్కమ్మ ముల్లును రాయంతా తిప్పింది, తీగలు మళ్లీ మళ్లీ గట్టిగా మెలేసింది. వచ్చినవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ, ముసిముసిగా నవ్వుకుంటూ వెళ్లిపోయారు.

మర్నాడూ లేదు. ఆ మర్నాడూ లేదు. ముసురు పట్టింది. రుక్కమ్మ ప్రతి సాయంత్రం వంట కానిచ్చి ఆ మూగదాన్ని చెవికి పెట్టుకొని కూర్చునేది. గోడకేసి చూస్తూ, ఎవరు పిలిచినా పలక్కుండా, ఏదో వినడానికి తల వంచి కూర్చున్న మనిషిని చూస్తే ఊరికి ఏమనిపిస్తుంది? ఒకామె గొంతు తగ్గించి అననే అంది, గాలి సోకిందని. ఆ మాట సంతకు పోయి, మోటబావి దగ్గరికి పోయి, తిరిగి హన్మమ్మ చెవికి వచ్చేసరికి పేరయి కూర్చుంది. గాలి రుక్కమ్మ.

హన్మమ్మ హడలిపోయింది. ఎవరినో అడిగి తాయెత్తు తెచ్చి కోడలి దండచేతికి కట్టింది. తాయెత్తు కట్టినా కోడలు ఫోను వదల్లేదు. అప్పుడు హన్మమ్మ తీర్మానం చేసేసింది.

"వచ్చే అమాసకు నిన్ను మంత్రగాని కాడికి తీస్కపోత. నాకు ఒక్కగానొక్క కొడుకు, ఒక్కగానొక్క కోడలు. ఏం జూసుకుంట కూసోవాలె నేను?"

ఆ మంత్రగాడు అవతలి ఊళ్లో ఉండేవాడు. వేపమండలతో కొడతాడు, మిరపకాయల పొగ పెడతాడు. దెబ్బలకు రుక్కమ్మ భయపడలేదు. అక్కడికి వెళ్లి వచ్చిన ఆడమనిషిని ఊరు మళ్లీ మామూలు మనిషిగా చూడదు. ఇక ఆమె ఏం చెప్పినా అది గాలిమాటే. ఆమె పిల్లలు కూడా గాలి సోకినామె పిల్లలే. రుక్కమ్మకు ఇద్దరు పిల్లలు. అంతకంటే పెద్ద భయం ఇంకొకటి ఉంది, దాన్ని ఆమె ఎవరికీ చెప్పలేదు. నిజంగా విన్నానా? అని ఆమెకే అనుమానం మొదలైంది. ఒక్కతే ఉన్నప్పుడు విన్నది, ఒక్కసారే విన్నది, అర్థం కాని మాట విన్నది. అందరూ అంటున్నదే నిజమైతే? తన చేతులను తను ఎప్పుడూ నమ్మింది. ఇప్పుడు తన చెవులను నమ్మలేకపోతోంది. ఆ దిగులుకు అన్నం కూడా సహించలేదు.

అమావాస్య ఇంకా కొన్నాళ్లుందనగా, వాన వదలకుండా కొడుతున్న ఒక సాయంత్రం, బాలయ్య మగ్గం గుంటలోంచి విసుక్కున్నాడు. ఆ ఇంట్లో గొంతు పెంచని మనిషి ఎవరైనా ఉంటే ఆయనే. అలాంటివాడు కూడా విసుక్కున్నాడంటే పని ఎంత చెడిందో చూసుకోండి.

"ఈ ముసురుకు పడుగంత మెత్తబడ్డది. పెట్టిన గంజి నానింది, పోగుకు పోగు అతుక్కపోతున్నది. జర కుంపట్ల నిప్పులేసి మగ్గం కింద పెట్టు."

రుక్కమ్మ నిప్పులు తెచ్చింది. వానాకాలంలో ఏటా చేసే పనే. కుంపటి కింద పెట్టి పడుగు మీద చెయ్యి వేసి చూసింది, బంకబంకగా తగిలింది. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది. గబగబా వెళ్లి గూట్లోంచి చుట్ట తీసి వేలితో తాకింది. ఎండాకాలంలో చిప్పలా గట్టిగా ఉన్న చుట్ట ఇప్పుడు వేలికి అంటుకుంటోంది.

గంజి! తను ముచ్చటపడి పెట్టిన గంజే గాలిలోని తడిని తాగి చుట్టుకు చుట్టును అతికేసింది. తీగకు నూలుబట్ట కట్టిందే ఒక చుట్టులోని బలం ఇంకో చుట్టులోకి పోకుండా. తడిగంజి లోంచి ఆ ఉన్న కాస్త బలమూ అడ్డదారిన కారిపోతోంది. ఇంకెవరైనా అయితే ఆ తీగను ఉన్నదున్నట్టు చుట్టి ఊరుకునేవారు. నూలు కనపడితే గంజి పెట్టకుండా ఉండలేని చేతులు కాబట్టి ఈ తప్పు జరిగింది.

ఆమె చుట్టను కుంపటి మీద అటూ ఇటూ తిప్పుతూ ఆరబెట్టింది. మళ్లీ గట్టిపడ్డాక తీగలు కలిపి, ఫోను చెవికి పెట్టుకొని, ముల్లు ఆనించింది. బాలయ్య కండె మార్చడానికి మగ్గం ఆపిన ఆ కాస్త సందులో వచ్చింది. అదే దూరపు గొంతు. అదే మనిషో కాదో, ఎవరైతేనేం.

"ఇనొస్తుంది! ఇటు రా, ఇనొస్తుంది!" అని అరిచింది.

బాలయ్య గుంటలోంచి పైకెక్కి, చేతులు తుడుచుకొని, వచ్చి, ఫోను చెవికి పెట్టుకునేసరికి బయట ఫెళ్లున పిడుగు పడింది. ఫోనులో గరగర తప్ప మరేమీ లేదు. రుక్కమ్మ ఏడుపు ఆపుకుంటూ గంజి సంగతంతా చెప్పింది. బాలయ్య నిదానంగా విన్నాడు. చుట్టను వేలితో రుద్ది చూశాడు.

"గాలిల మాటలొస్తయో రావో నాకు తెల్వదు," అన్నాడు. "గంజి సంగతి తెలుసు. గంజి నానితే పోగులు అతుక్కుంటయి. నువ్వు జెప్పేది నిజమే ఉంటది."

ఒక సాలెమనిషి దగ్గర ఇంతకు మించిన నమ్మకం ఉండదు. ఆ మాటకు రుక్కమ్మకు ప్రాణం లేచి వచ్చింది.

కానీ కుంపటి మీద ఎంతకని ఆరబెడతారు? కుంపటి దగ్గర్నుంచి లేచేసరికి మళ్లీ మెత్తబడుతోంది. గంజి కడిగేసినా వట్టి నూలు ఎలాగూ తడి పీలుస్తుంది. నూలును కప్పేది, తడి తాగనిది ఏదో కావాలి. అదేదో తోచక ఆదివారం సంతలో పరధ్యానంగా తిరుగుతుంటే, చెంచు ఈదన్న కూర్చుని కనిపించాడు. నల్లమల నుంచి తేనె, జిగురు, మూలికలు తెచ్చి అమ్ముకునే మనిషి. సన్నటి తుంపర పడుతోంది. ఆయన ముందున్న తేనె సొరబుర్రల మూతులు దేంతోనో మూసి ఉన్నాయి. వాన చుక్కలు దాని మీద పడి, ఒక్కటీ ఇంకకుండా జారిపోతున్నాయి.

"మూతికి పూసింది ఏంది ఈదన్నా?"

"మైనం అక్కా. తేనెటీగ పెట్టిందే, కాసి వడగట్టిన."

"వానకు నానదా?"

ఈదన్న ఆమెను వింతగా చూశాడు. "నానితే ఈగ బతుకుతదా? ముసురంత దాంట్లనే గద ఉండేది."

రుక్కమ్మ మైనం ముద్ద తీసుకుంది. ఈ ముద్ద దేనికని ఆయన అడిగితే, గాలిలో మాటలు పట్టుకోవడానికని ఉన్నమాట చెప్పేసింది. ఇప్పుడీయన కూడా నవ్వుతాడు అనుకుంది. ఈదన్న నవ్వలేదు.

"మా అడవిల రోజు ఇనొస్తయి," అని ఇంకో చిన్న ముద్ద కొసరు వేశాడు.

రుక్కమ్మ ఇంటికొచ్చి వేడినీళ్లలో చుట్టను నానబెట్టి గంజంతా కడిగింది. పొయ్యి మీది అటకలో పెట్టి నూలు కరకరలాడేదాకా ఆరబెట్టింది. మైనం కరిగించి, అదే కుంచెతో, గంజి పెట్టినంత ఓపికగా దువ్వింది. చల్లారాక చెంబుతో నీళ్లు పోసి చూసింది. నీళ్లు జారిపోయాయి. అప్పుడు అత్త దగ్గరికి వెళ్లి నిలబడింది. తెల్లారితే అమావాస్య.

"అత్తా, ఈ ఒక్క పొద్దు నువ్వే ఇను. నీకు ఇనరాకపోతే రేపు నోరెత్తకుండ నీ ఎంబడి వస్త. ఆ రాయిని నీ చేత్తోనే బాయిల ఎయ్యి."

హన్మమ్మ కోడలి ముఖంలోకి చూసింది. ఆ పిల్ల చిక్కిపోయింది. "సరే," అంది.

చీకటి పడుతుండగా వాన తెరిపి ఇచ్చింది. హన్మమ్మ గోడకు ఆనుకొని కూర్చుని ఫోను చెవికి పెట్టుకుంది. ఫోను ఒక్కటే. అంటే ముల్లు తిప్పే రుక్కమ్మకు ఏమీ వినపడదు. అత్త ముఖం చూసి తెలుసుకోవాల్సిందే. ఆ ముఖమా, సంతలో బేరమాడి ఆరితేరిన ముఖం. లోపల ఏముందో ఎవరికీ చిక్కదు.

"మగ్గాల టకటక తప్ప ఏం లేదు," అంది హన్మమ్మ.

నిజమే. వాడంతా మగ్గాలు ఆడుతున్నాయి. బాలయ్య తన మగ్గం ముందే ఆపాడు. ఇప్పుడు లేచి బయటికి నడిచాడు. ఎవరినీ గట్టిగా అడగలేని మనిషి, ఇంటింటి గడప దగ్గరా నిలబడ్డాడు. "జరసేపు ఆపుతరా? మా అమ్మ ఇంటుంది," అన్నాడు. ఏం వింటోందని ఎవరూ అడగలేదు. నవ్వడానికి ఆపారో, జాలిపడి ఆపారో, ఒక్కో మగ్గమే ఆగిపోయింది. చివరి మగ్గం కూడా ఆగాక, చూరు నుంచి బొట్టు పడే చప్పుడు వాడంతా వినపడింది.

రుక్కమ్మ ముల్లును ఎత్తి రాయి మీద కొత్తచోట ఆనించింది. అత్త ముఖంలో మార్పు లేదు. ఇంకో చోట. లేదు. మెలిక మార్చింది. చెయ్యి కదలకుండా రెండో చేత్తో మణికట్టు పట్టుకుంది. మళ్లీ ఆనించింది.

హన్మమ్మ ఉన్నట్టుండి కొంగు తలమీదికి లాక్కుంది.

పరాయి మగవాళ్లు మాట్లాడుతుంటే ఆమె చేసే పనే అది. రుక్కమ్మ చెయ్యి కదిలించకుండా, పెదవులు మాత్రం కదిలించి అడిగింది. "ఎవరత్తా?"

"మొగాయన," అంది హన్మమ్మ, ఆ మనిషి ఎక్కడ వింటాడోనని గుసగుసగా. "తెలుగే. మన తెలుగు గాదు గని తెలుగే. ఉండు ఉండు, ఆయన పోయిండు. ఆడామె వచ్చింది. పాడుతుంది."

చాలాసేపు విన్నది. కళ్లు మూసుకొని విన్నది. తర్వాత కళ్లు తెరిచి బయట చీకటి చూసింది.

"ఎవరి కోడలో పాపం, పొద్దుగూకిపాయె, ఇంక ఇంటికి పోలే. పిల్లలున్నరో ఏమో. జర ఇంటికి పొమ్మని జెప్పే ఆమెకు."

"మనం జెప్తే ఆమెకు ఇనరాదత్తా."

"గదేంది? తను జెప్పేది మనం ఇనాలె, మనం జెప్పేది తను ఇనదా?" హన్మమ్మ ఫోనును ఇంకొంచెం చెవికి అదుముకుంది. "అయితే అచ్చం నా కోడలే."

రుక్కమ్మ నవ్వబోయి ఏడ్చేసింది. చెయ్యి కదిలింది, పాట పోయింది. హన్మమ్మ ఫోను కింద పెట్టింది. వాకిట్లో అప్పటికే వాడంతా చేరి ఉంది. మగ్గాలు ఆపినవాళ్లు ఊరికే ఎందుకుంటారు? ఎవరో గుంపులోంచి అడిగారు. "ఏమైంది హన్మమ్మా? గాలేనా?"

హన్మమ్మ గడపలోకి వచ్చి నడుం మీద చెయ్యి వేసుకుంది. ఆ రోజు రాట్నం విప్పినప్పుడు వేసిన కేక కంటే పెద్ద కేక వేసింది.

"గాలే! నాకు గూడ సోకింది! మీకు సోకాలంటే ఒక్కొక్కలు రండ్రి. కాళ్లు కడుక్కొని రండ్రి!"

తర్వాత లోపలికి తిరిగి కోడలి చెయ్యి పట్టుకొని దీపం దగ్గరికి లాగింది. దండకు కట్టిన తాయెత్తు ముడి బిగుసుకుపోయి ఉంటే పళ్లతో లాగి విప్పింది. విప్పిన తాయెత్తును వెదురు చుట్ట వేలాడదీసిన మేకుకు కట్టింది.

"ఊరందరి కండ్లు పడ్తయి," అంది. "నీకెందుకిది, దీనికే గావాలె."

కాళ్లు కడుక్కున్న మొదటి మనిషి అప్పటికే గడప దగ్గర నిలబడ్డాడు. రుక్కమ్మ కొంగుతో ముఖం తుడుచుకొని మళ్లీ ముల్లు పట్టుకుంది. ఆనాటి నుంచి ఆ వాడలో పొద్దుగూకగానే కొద్దిసేపు మగ్గాలు ఆగేవి. ఊరు ఆ పేరు మార్చలేదు, ఆమె మార్చమనీ అడగలేదు. దారిలో ఎవరైనా "గాలి రుక్కమ్మా" అని పిలిస్తే, "ఆఁ, వస్తున్న" అని పలికేది.